గాలిమరలు గ్రిడ్డును కూలుస్తాయా?

1986లో మనదేశపు సముద్రతీరాన మూడు చోట్ల మొదటి గాలిమరల క్షేత్రాలు వెలిశాయి. గుజరాత్‌లో ఓఖా, మహారాష్ట్రలో రత్నగిరి, తమిళనాడులో తూత్తుకుడి ఆ మూడు చోట్లు. అప్పటి ఒక్కొక్క యంత్రం శక్తి 55 కిలోవాట్లు. అంటే 5 హార్స్‌పవర్ పంపుసెట్లు పద్నాలుగింటిని నడిపే పాటి శక్తి, అంతే. ఇవాళ ఒక్కొక్క గాలిమర 2,000, 3,000 కిలోవాట్ల శక్తి గలది. 2025 మార్చి ఆఖరుకు మనదేశంలో గాలిమరల మొత్తం సామర్థ్యం 50,000 మెగావాట్లు దాటింది. అందులో 4,000 మెగావాట్లకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. అనంతపురం వైపు ప్రయాణం చేసినవారికి కొండల మీద బారులు తీరి తిరిగే ఆ తెల్లని రెక్కలు పరిచయమే.

గాలిమరకు బొగ్గు అక్కరలేదు. పొగ రాదు, బూడిద మిగలదు. అయినా దానిని చూసి భయపడేవారు ఉన్నారు. "గాలిని నమ్ముకోవడమేమిటి? ఇప్పుడు వీస్తుంది, ఇంకాసేపటికి ఆగుతుంది. దానిని తెచ్చి గ్రిడ్డుకు తగిలిస్తే ఏదో ఒకనాడు గ్రిడ్డంతా కూలి ఊళ్ళన్నీ చీకటైపోతాయి" అంటారు వారు. "అదంతా బొగ్గు వ్యాపారులు పుట్టించిన పుకారు, గాలిమరలతో ఏ చిక్కూ లేదు" అంటారు మరికొందరు.

ఇద్దరి మాటా పూర్తిగా ఒప్పుకోవడానికి వీల్లేదు. గ్రిడ్డు నిలకడ అనేది ఏ ఇంధనంతోనూ దానంతటదే రాదు. గ్రిడ్డుకు తగిలించిన ప్రతి యంత్రానికీ మనం నియమం పెట్టి అప్పగించవలసిన పని అది. అప్పగించకపోతే బొగ్గు యంత్రం కూడా ఆపదలో ఆదుకోదు. అప్పగిస్తే గాలిమర కూడా గ్రిడ్డుకు భుజం పడుతుంది. ఇదీ నా అభిప్రాయం. ఇలా ఎందుకంటున్నానో, జరిగిన సంగతులనే సాక్ష్యంగా పెట్టి చెబుతాను. తీర్పు మీరే చెప్పండి.

గ్రిడ్డు నాడి

ముందు గ్రిడ్డు సంగతి తెలుసుకోవాలి. విద్యుచ్ఛక్తిని తీగలలో నిల్వ చేయలేము. ధాన్యాన్ని గాదెలో పోసుకున్నట్లు, నీటిని చెరువులో నింపుకున్నట్లు కరెంటును తీగలో నింపి ఉంచడం కుదరదు. ఈ క్షణంలో దేశమంతా కలిసి ఎంత వాడుతున్నదో, సరిగ్గా అంతే ఈ క్షణంలో ఉత్పత్తి కావాలి. మీరు ఇంట్లో ఫ్యాను స్విచ్చి వేస్తే ఎక్కడో ఒక జనరేటరు ఆ మేరకు ఎక్కువ శ్రమపడుతుంది.

ఈ లెక్క సరిపోతున్నదో లేదో చెప్పే గుర్తు ఒకటుంది. దానిపేరు పౌనఃపున్యం. మన ఇళ్ళకు వచ్చే ఏకాంతర విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తాలు పూర్తి చేస్తుందని మీరు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. థర్మల్ కేంద్రంలో నిమిషానికి 3,000 చుట్లు తిరిగే టర్బైను నుంచి ఈ 50 వస్తుంది. 3,000ను 60తో భాగించి చూడండి, సరిపోతుంది. వాడకం ఉత్పత్తిని మించితే యంత్రాలన్నీ కాస్త నెమ్మదిస్తాయి, పౌనఃపున్యం 50 కంటె తగ్గుతుంది. ఉత్పత్తి ఎక్కువైతే యంత్రాలు వేగం పుంజుకుంటాయి, పౌనఃపున్యం పెరుగుతుంది. వైద్యుడు రోగి నాడి పట్టి చూసినట్లు గ్రిడ్డు ఇంజనీర్లు ఇరవై నాలుగు గంటలూ ఈ పౌనఃపున్యాన్ని చూస్తూ ఉంటారు. మనదేశంలో దానిని 49.90 హెర్ట్జ్‌లకు, 50.05 హెర్ట్జ్‌లకు మధ్య ఉంచాలని నియమం.

మరో వింత వినండి. 2013 డిసెంబరు 31న కర్ణాటకలోని రాయచూరును, మహారాష్ట్రలోని షోలాపూరును కలుపుతూ 765 కిలోవోల్టుల లైను వేశారు. దానితో దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశపు గ్రిడ్డుతో ఒకటైంది. ఆనాటి నుంచి రామగుండంలో తిరిగే యంత్రమూ, పంజాబులో తిరిగే యంత్రమూ ఒకే లయలో అడుగు వేస్తున్నాయి. ఒకే కాడికి కట్టిన ఎడ్ల మాదిరిగా ఒకటి తడబడితే ఆ కుదుపు మిగతావాటికీ తెలుస్తుంది.

కుమ్మరి సారె నేర్పే పాఠం

ఎక్కడో ఒక పెద్ద యంత్రం హఠాత్తుగా ఆగిపోయిందనుకోండి. తమిళనాడులోని కూడంకుళం అణువిద్యుత్ కేంద్రంలో ఒక్కొక్క రియాక్టరు 1,000 మెగావాట్లది. అది ఏదో కారణంగా ఆగితే రెప్పపాటులో 1,000 మెగావాట్ల లోటు వస్తుంది. అయినా మన ఇంట్లో దీపం ఆరదు. ఎందువల్ల?

కుమ్మరి సారెను ఎప్పుడైనా చూశారా? కర్రతో గట్టిగా తిప్పి వదిలాక కుమ్మరి దానిమీద మట్టిముద్దను చేతులతో అదిమి కుండను లేపుతాడు. చేతులు అదుముతున్నా సారె వెంటనే ఆగదు. కాస్త కాస్తగా నెమ్మదిస్తుంది. బరువైన చక్రంలో దాగిన గతిజశక్తి దానిని నడిపిస్తూ ఉంటుంది. ఇదే జడత్వం. సారె మరీ నెమ్మదించేలోపు కుమ్మరి మళ్ళీ కర్ర అందుకుంటాడు.

గ్రిడ్డులోనూ అంతే. వందల టన్నుల బరువుండే టర్బైన్లు, రోటార్లు దేశమంతటా తిరుగుతూ ఉంటాయి. లోటు వచ్చిన మొదటి క్షణాలలో వాటి గతిజశక్తి ఆ లోటును పూడుస్తుంది. పౌనఃపున్యం ఒక్కసారిగా పడిపోకుండా మెల్లగా దిగుతుంది. ఈలోగా ప్రతి యంత్రానికీ ఉండే గవర్నరు అనే పరికరం వేగం తగ్గడాన్ని పసిగట్టి ఆవిరి కవాటాన్ని, లేదా నీటి ద్వారాన్ని మరికొంత తెరుస్తుంది. ఇది కొన్ని సెకన్లలో జరిగే పని. తరువాత కొద్ది నిమిషాలలో లోడ్ డిస్పాచ్ కేంద్రంలోని ఇంజనీర్లు వేరే కేంద్రాలను రంగంలోకి దింపుతారు. ఇలా జడత్వం, గవర్నరు, అదనపు నిల్వ అనే మూడు అంచెల రక్షణ గ్రిడ్డుకు ఉంది. ఈ మూడూ చాలకపోతే రిలేలు తమంతట తామే కొన్ని ఊళ్ళకు కరెంటు కోసి మిగతా గ్రిడ్డును కాపాడతాయి.

గాలిమరతో వచ్చే చిక్కులు

ఇప్పుడు గాలిమర సంగతికి వద్దాం. చిక్కులు లేవనడం నిజం కాదు. ముఖ్యంగా మూడున్నాయి.

మొదటిది, గాలి నిలకడలేనితనం. గాలిలోని శక్తి దాని వేగపు ఘనాన్ని బట్టి ఉంటుంది. వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతు అవుతుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో వీచే గాలి 9 మీటర్లకు తగ్గిందనుకోండి. వేగంలో తగ్గింది పదో వంతే. శక్తిలో మాత్రం 1,000కి 729 మిగులుతుంది. నాలుగో వంతు కంటె ఎక్కువే పోయిందన్నమాట! గాలి మరీ తక్కువైతే గాలిమర తిరగదు. తుపాను గాలి వీస్తే దెబ్బతినకుండా తానే ఆగిపోతుంది.

రెండవది, జడత్వం. గాలిమర రెక్కలూ బరువైనవే, వాటిలోనూ గతిజశక్తి ఉంది. అయితే నేటి గాలిమరలు గాలినిబట్టి రకరకాల వేగాలతో తిరుగుతాయి. అందువల్ల వాటిని గ్రిడ్డుకు నేరుగా కాక ఎలక్ట్రానిక్ కన్వర్టర్ల ద్వారా కలుపుతారు. ఆ కన్వర్టరు అడ్డుగోడలా నిలిచి రెక్కల జడత్వాన్ని గ్రిడ్డుకు అందనివ్వదు. బొగ్గు యంత్రాలు ఆగి, వాటి స్థానంలో గాలిమరలు వచ్చినకొద్దీ గ్రిడ్డు అనే సారె తేలికవుతుంది. తేలిక సారె తొందరగా ఆగుతుంది.

మూడవది, వోల్టేజి. పిడుగు పడినా, తీగలు తెగి ఒకదానికొకటి తగిలినా, ఆ చుట్టుపక్కల వోల్టేజి ఒక్క క్షణం కుదేలవుతుంది. ఇలాంటప్పుడు పాతకాలపు గాలిమరలు తమను తాము కాపాడుకోవడానికి గ్రిడ్డు నుంచి విడిపోయేవి. గ్రిడ్డుకు అసలే కష్టం వచ్చిన సమయంలో కాడి కింద పడేసి పరుగెత్తే ఎద్దుతో పోల్చవచ్చు దీనిని.

అయితే గాలిమరల పక్షాన చెప్పవలసిన ముఖ్యమైన మాట ఒకటి ఉంది. ఒక్క గాలిమర మీది గాలి క్షణక్షణమూ మారవచ్చు. వందల కిలోమీటర్ల మేర పరచుకున్న వేల గాలిమరల మీది గాలి ఒకే సెకనులో ఆగిపోదు. అనంతపురంలో తగ్గిన గాలి ముప్పందల్‌లో వీస్తూ ఉండవచ్చు. వాటి మొత్తం ఉత్పత్తి నిమిషాల మీద, గంటల మీద మారుతుంది. ఇంజనీర్లకు సర్దుకునే వ్యవధి ఉంటుంది. గాలి తగ్గడం గ్రిడ్డుకు శ్రమే, కాని దానంతటదే పిడుగుపాటు కాదు. అసలు ప్రమాదం ఎక్కడుందో తెలియాలంటే దక్షిణ ఆస్ట్రేలియాకు వెళ్ళి చూడాలి.

దక్షిణ ఆస్ట్రేలియాలో ఏం జరిగింది?

ఆస్ట్రేలియా దేశంలో దక్షిణ ఆస్ట్రేలియా ఒక రాష్ట్రం. రాజధాని అడిలైడ్. అక్కడ గాలిమరలు ఎక్కువ. ఆ రాష్ట్రపు చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2016 మే నెలలో మూతపడింది. అదే సంవత్సరం సెప్టెంబరు 28 సాయంత్రం పెద్ద తుపాను వచ్చింది. ఆ సమయంలో రాష్ట్రం వాడుతున్నది సుమారు 1,800 మెగావాట్లు. అందులో గాలిమరలు దాదాపు 880, గ్యాసు కేంద్రాలు 330 మెగావాట్లు ఇస్తున్నాయి. మిగతా 600 పొరుగున ఉన్న విక్టోరియా రాష్ట్రం నుంచి వస్తున్నది.

సుడిగాలులకు పెద్ద ప్రసార లైన్ల టవర్లు విరిగి పడ్డాయి. రెండు నిమిషాల వ్యవధిలో గ్రిడ్డు వోల్టేజి ఆరుసార్లు కుదేలైంది. ఆ తరువాత ఏడు సెకన్లలోపున తొమ్మిది గాలిమరల క్షేత్రాలు తమ ఉత్పత్తిని మొత్తం 456 మెగావాట్ల మేరకు తగ్గించేశాయి. ఆ లోటంతా విక్టోరియా నుంచి వచ్చే లైను మీద పడింది. మోయలేనంత బరువు పడేసరికి ఆ లైనూ విడిపోయింది. ఇంకేముంది! మిగిలిన కొద్ది యంత్రాల జడత్వం చాలలేదు. పౌనఃపున్యం ఎంత వేగంగా పడిందంటే, కొన్ని ఊళ్ళకు కరెంటు కోసి మిగతావాటిని కాపాడే రిలేలకు పనిచేసే వ్యవధి కూడా దొరకలేదు. దాదాపు 8,50,000 మంది వినియోగదారులు, అంటే ఇంచుమించు రాష్ట్రమంతా, చీకటిలో పడింది.

మర్నాటి నుంచే వాదాలు మొదలయ్యాయి. "గాలిమరలే ముంచాయి" అన్నారు కొందరు. "తుపాను టవర్లను కూల్చింది, గాలిమరల తప్పేమిటి?" అన్నారు ఇంకొందరు. విచారణ జరిపిన ఆస్ట్రేలియా విద్యుత్ నిర్వహణ సంస్థ తేల్చిన నిజం ఈ రెండింటికీ మధ్య ఉంది. ఆ గాలిమరల లోపల ఒక అమరిక ఉన్నది. కొద్ది నిమిషాల వ్యవధిలో ఇన్నిసార్లకు మించి వోల్టేజి కుదుపు వస్తే ఉత్పత్తి తగ్గించుకోవాలని యంత్రాన్ని తయారుచేసినవారు అందులో రాసిపెట్టారు. ఆ సంగతి గ్రిడ్డు నడిపే ఇంజనీర్లకు తెలియదు! గాలి నిలకడలేనితనం ఈ ప్రమాదానికి ముఖ్య కారణం కాదని విచారణ చెప్పింది. గాలి ఆగిపోలేదు, రెక్కలు విరగలేదు. ఎవరూ అడగని, ఎవరూ తనిఖీ చేయని ఒక అంకె రాష్ట్రాన్ని చీకటి చేసింది.

తరువాత ఏం చేశారు? గాలిమరలను పీకివేయలేదు. ఆ అమరికను మార్చారు. 2017 డిసెంబరులో హార్న్స్‌డేల్ అనేచోట 100 మెగావాట్ల బ్యాటరీ కేంద్రాన్ని నెలకొల్పారు. గ్రిడ్డులో లోటు కనబడగానే సెకనులో కొద్ది భాగంలోనే అది శక్తిని అందిస్తుంది. 2021లో నాలుగు సింక్రొనస్ కండెన్సర్లను నిలబెట్టారు. ఇవి బరువైన చక్రాలతో గ్రిడ్డు లయకు అనుగుణంగా ఊరికే తిరుగుతూ ఉండే యంత్రాలు. బొగ్గు కాల్చకుండానే జడత్వాన్నీ, వోల్టేజికి బలాన్నీ ఇస్తాయి. బొగ్గులేని కుమ్మరి సారెలు అనుకోండి! నేడు ఆ రాష్ట్రపు విద్యుత్తులో మూడింట రెండు వంతులకు పైగా గాలి నుంచీ, ఎండ నుంచీ వస్తున్నది.

మన సంగతేమిటి?

"గాలిమరలు లేకపోతే ఈ బాధలు ఉండేవి కావు కదా" అని మీలో ఎవరికైనా సందేహం కలగవచ్చు. అలాగైతే మనదేశంలో 2012 జూలై 30, 31 తేదీలలో జరిగిన సంగతి వినాలి. 30వ తేదీ తెల్లవారుజామున ఉత్తరాది గ్రిడ్డు కూలింది. దానిని నిలబెట్టారో లేదో, మర్నాడు మధ్యాహ్నం ఉత్తరాది, తూర్పు, ఈశాన్య గ్రిడ్డులు మూడూ కలిసి కూలాయి. ఆ ప్రాంతాలలో నివసించే జనాభా 60 కోట్లకు పైమాటే. రైళ్ళు దారిలో ఆగాయి. బొగ్గు గనులలో కార్మికులు భూగర్భంలో చిక్కుకుపోయారు. ప్రపంచ చరిత్రలోనే అంతమందిని ముంచిన చీకటి మరొకటి లేదు.

దానికి కారణం గాలిమరలు కావు. అప్పటికే కొన్ని లైన్లు మరమ్మతుల కోసం ఆపి ఉన్నాయి. ఉన్న లైన్ల మీద బరువు ఎక్కువైంది. బీనా, గ్వాలియర్‌ల మధ్య 400 కిలోవోల్టుల లైను విడిపోయింది. కొన్ని రాష్ట్రాలు తమ వాటా కంటె ఎక్కువ తీసుకుంటున్నాయి. విచారణ సంఘం చూపిన లోపాలలో ఒకటి మన చర్చకు చాలా ముఖ్యం. ఆపద సమయంలో పౌనఃపున్యాన్ని నిలబెట్టవలసిన గవర్నర్ల స్పందన చాలినంత రాలేదు. అంటే బరువైన చక్రాలు తిరుగుతున్నాయి, గవర్నర్లూ ఉన్నాయి. ఉన్నవి పనిచేసేలా చూసే క్రమశిక్షణ కొరవడింది. అప్పటికింకా దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో ఒకే లయలో కలవలేదు. విశాఖపట్నం దగ్గరి గాజువాక వంటి చోట్ల ఏకముఖ విద్యుత్ లంకెల ద్వారానే ఇచ్చిపుచ్చుకోవడం జరిగేది. అందువల్ల ఆనాడు మన గ్రిడ్డు కూలకుండా బయటపడింది.

ఇంకొక ఉదంతం. 2019 ఆగస్టు 9న ఇంగ్లండులో ఒక లైను మీద పిడుగు పడింది. ఆ కుదుపుకు సముద్రంలోని హార్న్‌సీ గాలిమరల క్షేత్రం 737 మెగావాట్లు కోల్పోయింది. లిటిల్ బార్‌ఫర్డ్‌లోని గ్యాసు కేంద్రంలో 244 మెగావాట్ల ఆవిరి యంత్రమూ దాదాపు అదే సమయంలో ఆగింది. పౌనఃపున్యం 48.8 హెర్ట్జ్‌లకు దిగి పది లక్షలకు పైగా వినియోగదారులకు కరెంటు పోయింది. గాలీ, గ్యాసూ ఒకే సాయంత్రం పరీక్ష తప్పాయి. గాలిమరల నియంత్రణ సాఫ్ట్‌వేరును తరువాత సరిదిద్దారు.

ఈ మూడు ప్రమాదాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంధనాలు వేరు, దేశాలు వేరు. దెబ్బ తగిలినప్పుడు నిలబడవలసిన యంత్రం నిలబడుతుందా అని ముందుగా పరీక్షించి చూడకపోవడం మాత్రం మూడింటిలోనూ ఉంది.

తూర్పారబట్టే రైతును చూడండి

మరి మనం చేయవలసిందేమిటి? మన రైతు కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు గాలిని నిందిస్తూ కూర్చోడు. ఏ వేళకు ఏ దిక్కు నుంచి గాలి వస్తుందో అతనికి అంచనా ఉంటుంది. ఆ వేళకు కూలీలనూ, చేటలనూ సిద్ధం చేసుకుంటాడు. గాలి ఉన్నంతసేపూ పని సాగిస్తాడు. గ్రిడ్డుకూ ఈ తెలివే కావాలి.

మొదటిది అంచనా. రేపు ఏ గంటలో ఎంత గాలి వీస్తుందో వాతావరణ శాస్త్రం సహాయంతో ముందుగా లెక్కగట్టాలి. ఇందుకోసం మనదేశంలో ప్రత్యేక కేంద్రాలు పనిచేస్తున్నాయి. రెండవది నియమం. వోల్టేజి కుదేలైనా గాలిమర గ్రిడ్డును వదలకూడదని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో నిబంధన తెచ్చింది. పౌనఃపున్యం మారినప్పుడు కొత్త గాలిమరల కేంద్రాలు కూడా స్పందించాలని 2019లో చేర్చింది. ఇవి మంచి అడుగులు. అయితే కాగితం మీది నియమం చాలదు. దక్షిణ ఆస్ట్రేలియా గాలిమరల లోపలి అంకెను ఎవరూ అడగలేదని మరిచిపోకూడదు. ప్రతి క్షేత్రంలోని అమరికలనూ పరీక్షించి, గ్రిడ్డు ఇంజనీర్ల చేతికి ఆ వివరాలు ఇవ్వాలి. ఈ పనిని వాయిదా వేయడానికి వీల్లేదు.

మూడవది నిల్వ. మన ప్రాంతంలో గాలి బలంగా వీచేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నైరుతి ఋతుపవనాల కాలంలో. మంచి వానలు పడిన రోజులలో పొలాల పంపుసెట్లు ఆగుతాయి, వాడకం తగ్గుతుంది. గాలి ఉండి, కొనేవారు లేక గాలిమరలను ఆపించవలసి వస్తుంది. గాలికిపోయే పేలపిండి కృష్ణార్పణం అనుకుని ఊరుకోవడమేనా? శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు 6 అమర్చారు. అవి నీటితో కరెంటు తీయగలవు. కరెంటు మిగిలినప్పుడు వెనక్కు తిరిగి, దిగువన ఉన్న నాగార్జునసాగర్ జలాశయపు నీటిని పైకి తోడనూ గలవు. మిగిలిన గాలి కరెంటును ఇలా కొండ మీది నీటిగా దాచుకుని, గాలి పడిపోయిన సాయంకాలం తిరిగి తీసుకోవచ్చు. కొద్ది సెకన్ల లోటుకు బ్యాటరీలు, కొద్ది గంటల లోటుకు ఇలాంటి జలాశయాలు అక్కరకు వస్తాయి.

ఖర్చు మాట దాచవద్దు

ఇక్కడ గాలిమరలను వ్యతిరేకించేవారు ఒక సరైన ప్రశ్న వేస్తారు: "వీటన్నిటికీ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?" దీనిని తప్పించుకోకూడదు. బొగ్గు యంత్రాలు జడత్వాన్ని కరెంటుతోపాటు కొసరుగా ఇచ్చాయి. ఆ కొసరుకు మనం ఏనాడూ విడిగా వెల కట్టలేదు. గాలిమరలు పెరిగినప్పుడు బ్యాటరీకీ, సారె యంత్రానికీ, జలాశయానికీ, కొత్త లైన్లకూ వెల కట్టక తప్పదు. గాలిమరను కాస్త తక్కువలో నడిపి, అవసరానికి శక్తిని పెంచేలా ఉంచితే ఆ మేరకు అమ్మకం పోతుంది. అదీ ఖర్చే.

అయితే లెక్క వేసేటప్పుడు రెండువైపులా వేయాలి. గాలి కరెంటు యూనిట్ ధర మాత్రమే చూపించి "చూశారా, ఎంత చవకో!" అనడం సగం లెక్క. బొగ్గు కరెంటు ధర చూపించి దాని బూడిద చెరువులనూ, పొగ తెచ్చే ఊపిరితిత్తుల జబ్బులనూ, భూగోళం వేడెక్కడాన్నీ లెక్కలో వేయకపోవడం కూడా సగం లెక్కే. నిలకడకు అయ్యే ఖర్చును విడిగా, బహిరంగంగా చూపాలి. నిలకడను ఏ యంత్రం ఇచ్చినా, అది బొగ్గుదైనా, గాలిదైనా, బ్యాటరీదైనా, ఒకే కొలతతో వెల చెల్లించాలి. అప్పుడు గాలిమర యజమాని కూడా గ్రిడ్డును నిలబెట్టడం తన లాభమే అనుకుంటాడు. అలా చేయకుండా గాలిమరల సంఖ్య మాత్రం పెంచుకుంటూ పోతే, ఏదో ఒక తుపాను రోజున గ్రిడ్డు కూలుతుంది. ఆనాడు జనం గాలిమరలనే తిడతారు. మంచి పనికి చెడ్డపేరు తెచ్చినవాళ్ళమవుతాం.

విద్యార్థులారా! దేశపు గ్రిడ్డు పౌనఃపున్యం ఈ క్షణంలో ఎంత ఉన్నదో లోడ్ డిస్పాచ్ కేంద్రాల వెబ్‌సైట్లలో ఎవరైనా చూడవచ్చు. పాఠశాలలో కంప్యూటరు ఉంటే మీ సైన్సు ఉపాధ్యాయుని అడిగి ఒక పని చేయండి. వారం రోజులపాటు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఆ అంకెను రాసుకుని గ్రాఫు గీయండి. 50 గీత చుట్టూ అది ఎలా ఊగుతున్నదో, ఏ వేళకు ఎక్కువ ఊగుతున్నదో గమనించండి. ఆ తరువాత ఎవరైనా మీ ముందు "గాలిమరలు గ్రిడ్డును కూలుస్తాయి" అన్నా, "గాలిమరలతో ఏ బాధా లేదు" అన్నా మూడు ప్రశ్నలు వేయండి. వోల్టేజి కుదేలైనప్పుడు ఆ యంత్రాలు ఎన్నిసార్లు తట్టుకునేలా అమర్చారు? దానిని ఎవరు పరీక్షించారు? లోటు వచ్చిన మొదటి సెకనులో ఆదుకునేది ఎవరు?

ఈ మూడింటికీ జవాబు ఉన్నచోట గాలిమరలను ఎన్ని పెట్టినా భయం లేదు. జవాబు లేనిచోట బొగ్గు కేంద్రాలు ఎన్ని ఉన్నా భయపడవలసిందే.